స్టీలు గ్లాసు కాదు... విమానం!

2025 సెప్టెంబరు 26. చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానాలకు వీడ్కోలు జరుగుతోంది. అరవై రెండేళ్ల కొలువు చాలించి చివరిసారి నేలకు దిగిన విమానాల మీద రెండు పక్కల నుంచీ నీళ్లు చిమ్ముతున్నారు. మా ఇంట్లో టీవీ ముందుకి కుర్చీ లాక్కుని కూర్చున్న నాన్న కదల్లేదు, మెదల్లేదు. అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. అంతా అయ్యాక ఒకే ఒక్క మాటన్నారు.

"ఇవి మావి కావురా. మావి మెరిసేవి."

నిజమే. టీవీలో కనిపించినవి బూడిదరంగు వేసిన బైసన్లు. మిగ్-21లో అవి చివరి తరం. నాన్న వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసినప్పుడు చేతుల్లో మెలిగింది ఎఫ్‌ఎల్ రకం. వాటికి రంగుండేది కాదు. అల్యూమినియం రేకు అల్యూమినియంలాగే ఎండలో తళతళలాడుతూ ఉండేది. 'మే నెలలో మధ్యాహ్నం రెక్క మీద చెయ్యి పెడితే అట్లపెనం మీద పెట్టినట్టే' అనేవారు నా చిన్నప్పుడు. ఆ ఎఫ్‌ఎల్‌లు 2013 డిసెంబరులోనే కలైకుండాలో విశ్రాంతి తీసుకున్నాయి.

నాకు ఇరవై ఏళ్లుగా ఓ పిచ్చి ఉంది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల నమూనాలు చేయడం. మా ఆవిడ దీన్ని 'పెద్దాయన బొమ్మలాట' అంటుంది. ఆ రాత్రే అనుకున్నా, నాన్న మిగ్ చేసిపెడదామని. మెరిసేదే!

ఇంతలో ఎంత మెరుపు?

ఈ సరదా తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. విమానాన్ని కచ్చితమైన లెక్కతో కుదించి చేసేవే ఈ కిట్లు. 1:72 అంటే అసలు దానిలో 72వ వంతు. ఆరడుగుల మనిషి అంగుళం ఉంటాడు. నేను తీసుకున్నది 1:48. మిగ్-21 రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకు 7 మీటర్ల 15 సెంటీమీటర్లు. నా నమూనాలో అది 15 సెంటీమీటర్లకు ఓ పిసరు తక్కువ. అరచేతిలో పడుతుందన్నమాట.

డబ్బాలో రెండొందలకు పైగా ముక్కలుంటాయి. అతికించడం పెద్ద కష్టమేం కాదు. ఓపికుంటే చాలు. పచ్చరంగు, మట్టిరంగు వేయడమూ అంతే. పచ్చరంగు కింద చిన్న గీత ఉన్నా ఎవరికీ కనపడదు. కానీ లోహపు మెరుపు తేవడం ఉంది చూశారూ... అది ఈ సరదాలోకెల్లా పెద్ద పరీక్ష. కాకలు తీరినవాళ్లు కూడా 'వద్దులే, రంగున్న విమానం చేద్దాం' అని పక్కకు తప్పుకుంటారు.

ఎందుకంటారా? బజార్లో దొరికే వెండిరంగు డబ్బా కొనుక్కొచ్చి పూస్తే అది గేటుకు వేసిన పెయింటులాగే ఉంటుంది. అందులో మెరిసేవి సన్నటి లోహపు రేణువులు. గేటు మీద అవి కంటికి ఆనవు. నమూనా మీద కథ వేరు. పదోవంతు మిల్లీమీటరు రేణువును 48 రెట్లు పెంచి చూడండి. దాదాపు అయిదు మిల్లీమీటర్లు! అంటే అసలు విమానం ఒంటి నిండా మిరియపు గింజలు చల్లినట్టే లెక్క. కంటికి ఆ లెక్క తెలియకపోయినా 'ఇదేదో బొమ్మలా ఉందే' అని మాత్రం తెలిసిపోతుంది.

అందుకే దీనికి ప్రత్యేకమైన రంగులున్నాయి. ఆల్‌క్లాడ్ అనేది అందులో బాగా పేరున్నది. ఆ పేరు వెనక ఓ కథ ఉంది. విమానాల రేకు ఉత్త అల్యూమినియం కాదు. అది మెత్తన. రాగి, మరికొన్ని లోహాలు కొద్దిగా కలిపిన డ్యూరాల్యుమిన్ వాడతారు. అది గట్టిదే గానీ తొందరగా తినేస్తుంది. దానికి పైనా కిందా స్వచ్ఛమైన అల్యూమినియం పలచగా తొడిగితే తుప్పు బాధ తగ్గుతుంది. 1920ల్లో అమెరికాలో వచ్చిన ఆ తొడుగు రేకు పేరే ఆల్‌క్లాడ్. మన రంగు సీసావాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు. విమానం ఒంటి మీద మనం చూసే మెరుపు ఆ పైపొరదే.

రంగు లేని విమానాలు తిరిగిందీ ఏదో సోకు కోసం కాదు. రంగు బరువు. పైగా వేయడానికి మనుషులు, రోజులు కావాలి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్లకు 1944 నాటికి ఆకాశం మీద పట్టు దొరికింది. ఇక దాక్కోవడం ఎందుకని చాలా విమానాలకు రంగు వేయడమే మానేశారు. హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే కూడా అలాంటి వట్టి లోహపు విమానమే. ప్రయాణికుల విమానాల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌వాళ్లు ఆ మెరుపును దశాబ్దాలపాటు తమ గుర్తుగా నిలుపుకొన్నారు. కార్బన్ ఫైబర్‌తో చేసిన కొత్త విమానాలకు మెరుగు పెట్టడం కుదరదు కదా. దాంతో 2013లో వాళ్లూ వెండిరంగు పూతకు మారిపోయారు.

మస్టాంగ్ అనే పి-51 యుద్ధవిమానం సంగతి ఇంకా తమాషా. దాని ఒళ్లు వట్టి లోహం. రెక్కలు మాత్రం కావు! గాలి సాఫీగా జారిపోవాలని ఫ్యాక్టరీలోనే రెక్కల మీది రివెట్లనూ అతుకులనూ పుట్టీతో పూడ్చేసి, నున్నగా రుద్ది, పైన వెండిరంగు కొట్టేవారు. ఇది తెలియక రెక్కలను అద్దంలా మెరిపించి, సందుసందుకీ రివెట్లు చెక్కినవాళ్లు ఎంతమందో. నేను కూడా. పదిహేనేళ్ల కిందట చేసిన ఆ మస్టాంగ్ ఇప్పటికీ అలమరలో నన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.

అయిదు వేలన్నా... ఎనిమిది దాటింది

సరే, మన మిగ్‌కి వద్దాం. కిట్, రంగులు, ఉప్పుకాగితాలు అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటింది. ఇంట్లో మాత్రం అయిదే చెప్పాను. ఈ ఆదివారం పేపరు మా ఆవిడ చదవకపోతే బాగుణ్ను.

మెరుపు రంగులోంచి రాదు. రుద్దుడులోంచి వస్తుంది. ఒంటి రెండు సగాలనూ అతికించిన చోట గీత ఉంటుంది. దాన్ని పూడ్చి, నీళ్లలో తడిపిన ఉప్పుకాగితంతో అరగదీయాలి. ముందు 400 నంబరు, తర్వాత 600, 1000, 2000... ఆ పైన మెరుగుబట్టలు. ప్రతి కాగితం దాని ముందు కాగితం పెట్టిన గీతల్ని చెరిపేస్తుంది. తొందరపడి ఒక నంబరు దాటేశారా, ఆ గీతలు చివర్లో దర్శనమిస్తాయి. పది రోజులు సాయంత్రాలు ఇదే పని. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాక ఇక వట్టి చేత్తో ముట్టుకోకూడదు. వేలికి ఉండే జిడ్డు చాలు కొంప ముంచడానికి.

తర్వాత నిగనిగలాడే నల్లరంగు. 'వెండిలా మెరవాల్సిన దానికి నలుపేంటి నాన్నా' అంది ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. అద్దం వెనక ఏముంటుందో చూడమన్నా. ఈ లోహపు రంగు పొర చాలా పలచన. కింద ఏముంటే అదే పైకి కనిపిస్తుంది. కింద నున్నటి నలుపుంటే లోతైన మెరుపు వస్తుంది. బూడిదరంగుంటే వెలిసిన మెరుపు వస్తుంది. దీన్ని ఎయిర్‌బ్రష్‌తో తక్కువ ఒత్తిడిలో, 12 నుంచి 15 పీఎస్‌ఐ లోపు, రెండు మూడు అంగుళాల దూరం నుంచి మంచు కురిసినట్టు కొట్టాలి. తడిగా పడితే మెరుపు చచ్చిపోతుంది. వాన రోజు అసలు ముట్టుకోకూడదు. గాల్లో తేమ ఎక్కువైతే రంగు పాలిపోతుంది. ఇంకో మాట. ఇది ఘాటైన థిన్నర్లతో పని. కిటికీలు బార్లా తెరిచి, ఆవిర్లను ఆపే మాస్కు పెట్టుకునే చేయాలి. ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే చాలదు. నేను బాల్కనీలో, పిల్లలు దగ్గరకు రాకుండా చూసుకుని కొట్టాను.

అంత జాగ్రత్తలోనూ రెండు దెబ్బలు తిన్నాను. ఎడమ రెక్క మీద ఓ వేలిముద్ర... పోలీసులకు పనికొచ్చేంత స్పష్టంగా! ముక్కు దగ్గర అంటించిన టేపు లాగితే దాంతోపాటు నాణెమంత రంగు ఊడొచ్చింది. టేపును ముందు ప్యాంటుకు రెండుసార్లు అంటించి తీసి, జిగురు తగ్గించి వాడాలని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? మళ్లీ రుద్దుడు, మళ్లీ నలుపు, మళ్లీ మెరుపు.

డిసెంబరు చివరికి పూర్తయింది. నా కళ్లకయితే అద్భుతం. ఫ్యాను రెక్కలు కూడా అందులో కనిపిస్తున్నాయి. తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టా. అటూ ఇటూ తిప్పి, "బాగుందిరా" అన్నారు. అంతే.

శుక్లం తీశాక...

నాన్నకు ఎనభై దాటాయి. రెండు కళ్లకూ శుక్లాలు. సంక్రాంతి వెళ్లాక కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు ఆయనకు లోకమంతా కొత్తగా కనిపించింది. 'గోడకి సున్నం ఎప్పుడు వేయించారు' అని అడిగారు. వేయించలేదు. ఇన్నాళ్లూ శుక్లం పసుపు అద్దంలా అడ్డుపడి, తెల్లగోడ కూడా మాసిపోయినట్టు కనపడిందంతే.

ఆ సాయంత్రం అలమరలోంచి విమానం తనే తీసుకున్నారు. వెలుతురులోకి తెచ్చి చాలాసేపు చూశారు.

"ఒరేయ్... ఇది విమానం కాదురా. స్టీలు గ్లాసు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం మంచి హుషారు మీదున్నారు. 'మొత్తం ఒకే రేకులా ఉంటే ఎలా? విమానం ఒక రేకు కాదు. వంద రేకులు. ఒక్కోదానికి ఒక్కో తీరు. ఒకటి ఇలా పడుకున్న రేకు, ఇంకోటి అలా నిలబడ్డ రేకు. ఎండ పడితే ఒకటి తెల్లగా, పక్కది నల్లగా కనపడాలి. మూత పోతే పక్క విమానం మూత బిగించేవాళ్లం. అది వేరే మెరుపు. వెనకాల మంట వచ్చే చోట అసలు మెరుపే ఉండదు, మాడిపోయి గోధుమరంగుకి తిరుగుతుంది. కొత్త బిందె కాదురా. పదేళ్లు తోమిన అల్యూమినియం గిన్నె. అదీ మెరుపంటే.'

ఏ పుస్తకంలో చదివినా ఇంత సూటిగా దొరకలేదు. దొరికే ఫొటోలు ఎక్కువగా నలుపు తెలుపువి. రేకుల తేడా అందులో నీడో, రేకో తెలియదు.

మొదటి విమానాన్ని మా అమ్మాయి గదిలో పెట్టేసి, రెండో కిట్ తెప్పించాను. (దీని ధర ఇంట్లో ఇంకా ఎవరూ అడగలేదు.)

అమ్మ చెప్పిన చిట్కా

ఈసారి రంగు కాదు, రేకే వాడదామనుకున్నా. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ఉంటుందిగా, అదే. మందం 11 మైక్రాన్లు. 48 రెట్లు పెంచితే అర మిల్లీమీటరు. అసలు విమానం మీద అర మిల్లీమీటరు పొర అంటే ఏమంత తప్పు లెక్క కాదు. ఫాయిల్ అతికించడానికే మైక్రోస్కేల్ అనే కంపెనీ జిగురు అమ్ముతోంది. రేకు వెనక అది పలచగా పూసి, ఆరి బంకగా అయ్యాక, ఒక్కో పలకకు సరిపడా కత్తిరించి అతికించాలి. తర్వాత దూదితో రుద్దితే కింద ఉన్న గీతలూ రివెట్లూ వాటంతటవే పైకి తేలతాయి. కొత్త బ్లేడుతో పలక గీత వెంటే అంచు కోసేయాలి. పాత బ్లేడైతే రేకు చిరుగుతుంది.

నాన్న చెప్పిన 'పడుకున్న రేకు, నిలబడ్డ రేకు' ఇక్కడ తేలిగ్గా వచ్చేసింది. ఫాయిల్‌ను మరల్లోంచి సాగదీసినప్పుడు సన్నటి గీతలు ఒకే దిక్కున పడతాయి. పక్కపక్క పలకలకు ఆ దిక్కు మార్చి అతికిస్తే చాలు. లైటు కింద తిప్పినప్పుడు ఒకటి వెలుగుతుంది, ఒకటి ఆరుతుంది. వెలిసినట్టు కావాలనుకున్న చోట ఫాయిల్‌ను తిరగేసి మసక వైపు పైకి పెట్టాను. ముక్కు దగ్గర గుండ్రటి పెదవికి మాత్రం రేకు లొంగలేదు. ఎలా పరిచినా ముడతలే. అక్కడ రంగుకే దణ్ణం పెట్టుకున్నా.

చిక్కంతా వెనక భాగం దగ్గర వచ్చింది. మసిబారిన రేకు ఎక్కణ్నుంచి తేవాలి? నేను తల పట్టుకుని కూర్చుంటే అమ్మ వంటింట్లోంచే అంది.

"అల్యూమినియం గిన్నెలో గుడ్లు ఉడికిస్తే లోపల నల్లబడి చావదూ? చింతపండేసి తోమితేగానీ పోదు. నీ కాగితం కూడా గుడ్లతో కలిపి ఉడకెయ్యి."

నిజంగానే ఉడకేశాను. అరగంటకి ఫాయిల్ మెరుపంతా దిగి, నల్లటి బూడిదరంగుకి తిరిగింది. క్షారం తగిలిన అల్యూమినియం అలా మారుతుంది. విదేశాల్లో నమూనాలు చేసేవాళ్లూ ఇదే చిట్కా వాడతారని తర్వాత తెలిసింది. అమ్మ వాళ్లెవర్నీ చదవలేదు! గుడ్లు మాత్రం ఎవర్నీ తిననివ్వలేదు. ఆ రేకు మీద గోధుమ, నీలం చాయలు మంచులా కొడితే మంట వచ్చే గొట్టం తయారైంది.

చిన్న చిన్న పలకలు అతికించింది మా అమ్మాయి. నా వేళ్లు వణుకుతాయి, దానివి వణకవు. తాతయ్య పక్కనే కూర్చుని 'ఇది ఇటు తిప్పమ్మా, ఆ మూత మసగ్గా ఉండాలి' అని చెప్తుంటే అది చేసేది. నెలన్నర పాటు ఇంట్లో సీరియళ్లు బందు.

ఆ నంబరు

నంబరు వేసే రోజు వచ్చింది. 'ఏది వేయమంటారు నాన్నా' అన్నా. ఆలోచిస్తారనుకున్నా. టక్కున చెప్పేశారు. అది ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆ విమానాన్ని రోజూ తుడిచింది ఆయనే. 1971లో యుద్ధం వచ్చింది. మెరిసే విమానం నేల మీద ఉంటే పై నుంచి శత్రువుకు ఇట్టే కనపడుతుంది. దొరికిన రంగు దొరికినట్టు తెచ్చి మిగ్‌లకు పూసేయమన్నారు. అప్పటి ఎఫ్‌ఎల్‌ల ఫొటోలు చూస్తే ఏ రెండూ ఒక్కలా ఉండకపోవడం అందుకే. నాన్న తను మెరుగు పెట్టిన రేకు మీద తనే పచ్చరంగు పులిమారు. అది చూసి ఆ విమానం ఎక్కే కుర్ర పైలట్ 'ఏం, పండక్కి వెల్ల వేస్తున్నావా' అని ఎగతాళి చేశాడట. ఆ డిసెంబరు 14న మిగ్‌లు ఢాకాలో గవర్నరు భవనం మీద దాడి చేశాయి. ఆ రోజే గవర్నరు రాజీనామా రాసిచ్చాడు. చరిత్ర పుస్తకాల్లో ఉండేది అదంతా. నాన్నకు గుర్తున్నది మాత్రం వెల్ల మాట.

యుద్ధం నుంచి క్షేమంగా వచ్చిన ఆ కుర్రాడు కొన్నేళ్లకు శిక్షణలో పోయాడు. వేరే ఊళ్లో, వేరే విమానంలో.

మిగ్-21ను పత్రికలు 'ఎగిరే శవపేటిక' అన్నాయి. ఎనిమిది వందలకు పైగా మన వాయుసేనలో ఎగిరాయి. వందల్లో కూలాయి. ఎందరో పైలట్లు పోయారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ టీవీలో ఆ మాట వినిపిస్తే నాన్న లేచి వెళ్లిపోతారు. ఎందుకో నాకు ఇన్నాళ్లూ తెలియదు. మొన్న నంబరు అంటించే రోజే చెప్పారు.

"విమానం లేవాలంటే ఫారం 700 మీద మేం సంతకం పెట్టాలిరా. ఎక్కడ కూలినా, ఎవరో ఒకడి సంతకం ఉంటుంది దాని కింద. వాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ కుర్రాడు పోయినప్పుడు సంతకం నాది కాదు. అయినా నాకు పట్టలేదు."

అమ్మకి కూడా ఈ సంగతి తెలియదట. యాభై ఏళ్ల కాపురం.

పట్టుకారుతో నంబరు కాగితాన్ని నీళ్లలోంచి తీసి, రేకు మీదకి జార్చి, చోటు సరిచూసింది ఆయనే. చెయ్యి వణికింది. నేనూ అమ్మాయీ ఏమీ అనలేదు. కొంచెం వంకరగా కూర్చుంది. 'మేం చేత్తో రాసినప్పుడూ ఇంతే' అన్నారు.

మరో సంగతి. మిగ్-21ల ఒళ్లు తయారైంది నాసిక్‌లో, ఇంజిన్లు కోరాపుట్‌లో. లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు మన హైదరాబాద్ బాలానగర్‌లోని హెచ్‌ఏఎల్‌లో చేశారు. మేముండేది కూకట్‌పల్లిలో, అక్కడికి కూతవేటు దూరం. ఆ గేటు ముందు నుంచి ఆటోలో వెళ్లినప్పుడల్లా నాన్న అటు ఎందుకు తిరిగి చూస్తారో అమ్మాయికి ఇప్పుడు తెలిసింది.

పోయిన ఆదివారం విమానం పూర్తయింది. ట్యూబులైటు కింద పెట్టి మెల్లగా తిప్పాను. ఒక పలక వెలిగింది, దాని పక్కది ఆరింది, వెనకాల మాడిన గొట్టం మసకగా ఉంది. ఫ్యాను రెక్కలు ఎక్కడా కనపడలేదు. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని, దగ్గరికి తెచ్చుకుని, ముక్కు నుంచి తోక దాకా ఒక్కో అంగుళం చూసుకుంటూ వచ్చారు. ఒకసారి కడుపు కిందకి తిప్పి చూశారు. పది నిమిషాలు పట్టింది. ఎగరడానికి ముందు చూసినట్టే.

"టైర్లు మరీ నల్లగా ఉన్నాయి. సిమెంటు రన్‌వే మీద తిరిగే టైర్లు ఇంత నల్లగా ఉండవు."

అని నా చేతిలో పెట్టి, భోజనానికి లేచారు.